యూకలిప్టస్ మలుపు దాకా

మొదటి రోజు ఇంజన్ ముట్టుకోనివ్వలేదు అలోయీస్.
ఆరోగ్య కేంద్రం పెరట్లో బండిని ఊరికే తోసుకుంటూ తిప్పమన్నాడు.
దాని బరువు ముందు నడుముకి తెలియాలట.
మెకానిక్ మనిషి, మాటలు కూడా
నట్లు బిగించినట్టు ఒక్కొక్కటే.
"ముందు పడేది చూపు, తర్వాతే బండి" అన్నాడు.
నాకేం అర్థం కాలేదు. తలూపాను.

రెండో రోజు గేటు నుంచి కుళాయి దాకా.
నడిస్తే నూట ఇరవై అడుగులు.
పసుపు డబ్బాలతో వరసలో ఉన్న పిల్లలు
నీళ్లు పొర్లిపోతున్నా నన్నే చూస్తున్నారు.
క్లచ్ వదిలాను. మేకపిల్లలా గెంతి ఆగింది.
మళ్లీ వదిలాను. మళ్లీ ఆగింది.
ఏడోసారికి ఒక పిల్ల తేల్చేసింది:
"దాఫ్రోజ్ నర్సు బండికి వెక్కిళ్లు."

నిజమే కదా.
నెల పిల్లకి వెక్కిళ్లొస్తే నేనేం చేస్తాను?
భుజాన వేసుకుని వీపు నిమురుతాను,
నాకు వేరే పనే లేనట్టు.
ఎడమ చేతిని అలాగే వదిలాను
ఒక్కో వేలూ
ఒక్కో వేలూ
బండి నిద్రలో ఒత్తిగిలినట్టు
కదిలింది.

పందొమ్మిదేళ్లు ఈ కొండలు నడిచాను
టీకాల పెట్టె భుజాన తగిలించుకుని.
ఏ గడప ఎంత ఎత్తో, ఏ కుక్క ఉత్తుత్తినే మొరుగుతుందో
నా పాదాలకి తెలుసు.
చక్రాలకి తెలీదు. వాటికి మొదట్నుంచీ చెప్పాలి,
గోరుముద్దల్లా.

అందుకే ఈ వారం యూకలిప్టస్ మలుపు దాకానే.
అవతల లోకం లేదన్నట్టే.
పొగమంచు ఇంకా తేయాకు మీద నుంచి లేవకముందే
వెళ్లడం, తిప్పుకోవడం, వచ్చేయడం.
కూడలిలో బేరాల కోసం కాచుకున్న మోటో కుర్రాళ్లు నవ్వారు:
"రోజూ ఆ మలుపు దగ్గరికెందుకమ్మా?"
"దానికి ఒంట్లో బాగాలేదురా" అన్నాను.

గురువారం పడ్డాను.
రాత్రి వానకి నానిన ఎర్రమట్టి, ఎదురుగా తేయాకు లారీ,
పక్కన గొయ్యి.
అందులో పడకూడదు పడకూడదు అని
దాన్నే చూస్తూ తిన్నగా అందులోకే వెళ్లాను.
అలోయీస్ మాట అప్పుడర్థమైంది,
బురదలో వెల్లకిలా.
ఆకు కోసే ఇద్దరు ఆడవాళ్లు బుట్టలు దించి
ముందు బండిని లేపారు, తర్వాత నన్ను.
ఆ వరస నాకు నచ్చింది.

పగిలిన అద్దంతోనే శుక్రవారం గేటు దాకా.
శనివారం కుళాయి దాకా.
వెనక్కి పోతున్నానని అనుకోలేదు.
కుట్లు పడ్డ తల్లులకి నేను చెప్పేది ఇదే:
ఇవాళ కూర్చో, చాలు.
నిలబడే సంగతి రేపు చూద్దాం.

తర్వాత ఒక పొద్దున
ఫ్రిజ్‌లో మిగిలిన పోలియో చుక్కలు
పై ఊరికి సరిపోతాయా అని లెక్కేసుకుంటున్నాను.
పదకొండు మంది. కాదు, కవలలున్నారు, పన్నెండు.
తేరుకునేసరికి యూకలిప్టస్ వాసన
నా వెనకాల ఉంది.

ముందంతా కివూ సరస్సు.
మూడేసి పడవలు ఒకదానికొకటి కట్టుకుని
రాత్రి వేట ముగించి ఒడ్డుకొస్తున్నారు జాలర్లు.
పాడుతున్నారు కాబోలు,
ఇంజన్ చప్పుడులో తెడ్ల ఊపు ఒక్కటే కనబడింది.
ఎప్పుడు దాటానో తెలీదు.
గుండె ఒక్కసారి జారింది.
చేతులు దాన్ని పట్టించుకోలేదు.

ఆ ఇరుకు దారిలో వెనక్కి తిప్పుకోవడానికి
ఐదుసార్లు ముందుకీ వెనక్కీ.
నాలుగోసారి మళ్లీ వెక్కిళ్లు.
చుట్టూ ఎవరూ లేరు కదా అని
ట్యాంకు మీద అరచేత్తో తడుతూ
"ఊరుకో, ఊరుకో" అన్నాను,
ఎవర్నో.